బయటికి దారిలేని ప్రోగ్రాము

శ్రీకరి ఏదీ ఊరికే నమ్మదు. కూరగాయల తూకం దగ్గర్నుంచి మందుల షాపువాడిచ్చిన మాత్రల దాకా ఇంకోసారి చూసుకోనిదే సంచిలో వేసుకోదు. నలభై దాటిన మనిషి. తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి వెనక వీధిలో తల్లి గోదాదేవితో ఉంటుంది. ఎవరైనా ఆమె అనుమానాల సంగతి ఎత్తితే గోదాదేవి, "పుట్టినప్పుడు ఇట్లా లేదు. మద్రాసులో ఉద్యోగం చేసినాక వచ్చిందీ జబ్బు" అంటుంది.

ఆ మాట నిజమే. శ్రీకరి మద్రాసులో ఆసుపత్రులకు ప్రోగ్రాములు రాసే ఒక చిన్న కంపెనీలో చాలా ఏళ్ళు పనిచేసింది. ఒక ప్రోగ్రాములో తేదీల లెక్క కోసం, ఎవరో రాసి నెట్‌లో ఉచితంగా పెట్టిన ముక్కను తెచ్చి వాడుకుంది. అందరూ చేసే పనే. కానీ ఆ ముక్క తేదీలు లెక్కపెట్టడంతో ఆగకుండా, రోగుల ఫోన్ నంబర్లను ఎక్కడికో పంపుతోందని తర్వాత బయటపడింది. విచారణలో మొదటి ప్రశ్న, దీన్ని తెచ్చి పెట్టింది ఎవరని. తప్పు ఆమెది కాదని చివరికి తేల్చారు. తేల్చేలోపు ఆఫీసులో ఆమెతో మాట్లాడే పద్ధతి మారిపోయింది. ఆమె గదిలోకి అడుగుపెడితే మాటలు ఆగిపోయేవి. కొన్నాళ్ళు చూసి, రాజీనామా ఇచ్చి తిరుపతి వచ్చేసింది.

వచ్చాక ఆమెకు పట్టుకున్న ఆలోచన ఒక్కటే. తను రాసిన ప్రోగ్రాములో తను రాయని మాట ఒక్కటి కూడా ఉండకూడదు. మనం రాసినదాన్ని యంత్రానికి అర్థమయ్యే ఆజ్ఞలుగా మార్చేది కంపైలరు. వాడుకలో ఉన్న పెద్ద కంపైలర్లు రెండు అంకెలు కూడమన్నా తమ వంతుగా ఏవేవో జతచేస్తాయి. అవి మంచివే కావచ్చు. కానీ వాటన్నిటినీ చదివినవాళ్ళు ఎవరు? అందుకని ఆమె సొంతంగా ఒక చిన్న కంపైలరు రాసుకుంది. అది వెబ్‌అసెంబ్లీ అనే భాషలోకి మారుస్తుంది. ఫోన్లో బ్రౌజరు ఆ భాషలో ఉన్న ప్రోగ్రామును తలుపులు మూసిన గదిలో కూర్చోబెట్టినట్టు నడుపుతుంది. టైమెంత అని తెలుసుకోవాలన్నా, నెట్‌లోకి ఒక్క అక్షరం పంపాలన్నా బయటివాళ్ళ సాయం కావాలి. ఆ సాయాలు ఏమేం కావాలో ఫైలు మొదట్లోనే రాయాలి. వాటిని ఇంపోర్టులంటారు. శ్రీకరి కంపైలరు ఇంపోర్టులు రాయదు. రాయడం దానికి రాదు. అంకెలు లోపలికి పోతాయి, అంకెలు బయటికి వస్తాయి, అంతే.

ఈ పని ఎవరికి పనికొస్తుందని తల్లి అడిగితే ఆమె దగ్గర జవాబు ఉండేది కాదు. జవాబు బంగారుపాళ్యం నుంచి గంగాధరం రూపంలో వచ్చింది.

గంగాధరానికి హైవే పక్కన మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఉంది. సీజన్లో తోతాపురి కాయ ట్రాక్టర్లలో వస్తుంది. గేటు దగ్గర ప్రతి లోడులోంచి కొన్ని కాయలు తీసి, కోసి, రసం పిండి, తీపీ పులుపూ కొలుస్తారు. ఎండకు తీపి అంకె కొంచెం అటూఇటూ అవుతుంది కాబట్టి దాన్ని సరిచేసి, అన్నీ కలిపి లెక్కగట్టి, కాయ మేలా, మధ్యమమా, నాసిరకమా అని ప్రోగ్రాము చెప్పాలి. మేలు అని వచ్చిన తోటలో మిగిలిన కాయకంతా గంగాధరం మర్నాడే అడ్వాన్సు ఇచ్చేస్తాడు.

"ఈ ఏడు ఏం జరగతా ఉండాదో సూడమ్మా" అన్నాడు, శ్రీకరి ఇంటి వసారాలో కూర్చుని. "ఈడ మేలు అని వస్తాది. పొద్దున్నే నా మనిషి తోటకాడికి పోతాడు. పొయ్యేలోపల పక్క ఫ్యాక్టరీవాడు వచ్చి అడ్వాన్సు ఇచ్చేసి పోయింటాడు. ఒకసారి కాదు. మంచి తోట అంటే సాలు, వాడికి తెలిసిపోతా ఉండాది. ఈ ప్రోగ్రామే సెప్తా ఉండాదని నా అనుమానం."

అప్పుడు వాడుతున్న ప్రోగ్రామును ఎవరో రాసిచ్చారు. శ్రీకరి దాన్ని తెరిచి చూసింది. అది బయటి సాయాలు చాలా అడుగుతోంది. వాటిలో నెట్ కూడా ఉంది. దొంగతనం జరిగిందని ఆమె చెప్పలేకపోయింది, జరగలేదనీ చెప్పలేకపోయింది. "ఇది మాట్లాడగలదు సార్. మాట్లాడిందో లేదో తెలీదు. మాట్లాడలేనిది నేను రాసిస్తాను" అంది.

రాసిచ్చింది. గేటు దగ్గరి టాబ్లెట్‌లో సిమ్ తీసేసింది, వైఫై ఆపేసింది. కొత్త ఫైలును వైరుతోనే ఎక్కించింది. లెక్కను తెరమీద చూపించే పేజీని కూడా ఒక పేపరు మీద పట్టేంత చిన్నగా రాసి, గంగాధరానికి లైను లైనూ చదివి వినిపించింది. ఆయనకు అర్థమైంది తక్కువే. అంత చిన్నది అంత పని ఎట్లా చేస్తుందన్న అనుమానం మాత్రం మొహంలో కనిపించింది.

వారం తిరక్కుండానే ఫోన్ చేశాడు. "అమ్మా, మళ్ళా ఒక తోట పోయింది. ఈసారి నీ ప్రోగ్రాము ఉండంగానే పోయింది."

శ్రీకరి బస్సెక్కి బంగారుపాళ్యం వెళ్ళింది. గంగాధరం ఆమెను ఆఫీసులో కూర్చోబెట్టి, తలుపు దగ్గరికి వేసి, చాలాసేపు టాబ్లెట్ వైపే చూస్తూ మాట్లాడాడు.

"ముందు ప్రోగ్రాము రాసినోడు నాకు తెలీదు. నువ్వూ తెలీదు. ఇది రాసింది నువ్వే, సదివేదీ నువ్వే. నేను ఎవుర్ని అడిగేది?"

ఆ మాట మద్రాసులో విన్న మాటలాగే ఉందనిపించింది ఆమెకు. కోపం తెచ్చుకోలేదు. ఆయన స్థానంలో తనున్నా అదే అడిగేది. ఇంటికి వచ్చి, తన ఫైలును తనే అపరిచితుల ఫైలులాగా మొదటి బైటు నుంచి చదివింది. కంపైలరు తనకు తెలియకుండా ఏదైనా చేర్చిందా అని అదీ మళ్ళీ చదివింది. ఎక్కడా ఇంపోర్టు లేదు. ఆ ఫైలుకు బయటికి దారి లేదు. ఆ సంగతి తేలాక ఆమెకు ఊరట కలగాలి. కలగలేదు. ప్రోగ్రాము చెప్పలేదంటే, మనిషి చెప్పినట్టు. ఎవరు?

గేటు దగ్గర ఇద్దరే ఉంటారు; టాబ్లెట్ తెర లోపలివైపుకు ఉంటుంది, రైతుకు కనిపించదు. కాయ కోసి రసం పిండేది వసంతమ్మ. ఆమెకు చదవడం రాదు, టాబ్లెట్ వైపు చూడను కూడా చూడదు. అంకెలు ఎక్కించేది ప్రశాంతి. డిగ్రీ చదివిన పిల్ల, పక్క ఊరే. శ్రీకరిని అక్కా అని పిలిచేది. కొత్త ప్రోగ్రాము ఎట్లా పనిచేస్తుందో ఓపిగ్గా అడిగి తెలుసుకున్నది ఆ ఫ్యాక్టరీలో ఆమె ఒక్కతే. ఇప్పుడు ఆ ఆసక్తే శ్రీకరికి అనుమానంగా కనిపించింది. ఎందుకు అన్ని ప్రశ్నలు అడిగింది? గంగాధరానికీ అదే తోచినట్టుంది. ప్రశాంతి ఫోన్‌ను పొద్దున్నే ఆఫీసులో పెట్టించుకోవడం, సాయంత్రం ఆమె సంచి చూడటం మొదలుపెట్టాడు. ఆ పిల్ల సంచి తెరిచి చూపించి, తలవంచుకుని వెళ్ళిపోయేది.

అయినా మంచి తోటలు పోతూనే ఉన్నాయి.

అప్పుడు శ్రీకరి ఒక పని చేసింది. గంగాధరంతో సహా ఎవరికీ చెప్పలేదు, ఎందుకంటే ఆమె అనుమానాల జాబితాలో ఆయనా ఉన్నాడు. ప్రోగ్రాములో ఒక చిన్న మార్పు చేసి, కొత్త ఫైలు తీసుకుని వెళ్ళింది. ఏదో సరిచేయాలని చెప్పి టాబ్లెట్‌లో ఎక్కించింది. ఆ పూట వచ్చే మొదటి మధ్యమం లోడును అది మేలు అని చూపిస్తుంది. మునిరామయ్య అనే రైతు ట్రాక్టరు వచ్చింది. కాయ మామూలుదే. తెర మీద మేలు అని పడింది. ప్రశాంతి ఒకసారి కాయ వైపు, ఒకసారి తెర వైపు చూసి, టాబ్లెట్ తీసుకెళ్ళి ఆఫీసులో ఉన్న గంగాధరానికి చూపించింది. శ్రీకరి అక్కడే ఉండి చూసింది. తర్వాత పాత ఫైలు తిరిగి ఎక్కించి బస్సెక్కింది.

మర్నాడు పొద్దున గంగాధరం మనిషి వెళ్ళేసరికి మునిరామయ్య తోటకు పక్క ఫ్యాక్టరీవాళ్ళు అడ్వాన్సు ఇచ్చేశారని ఫోన్ వచ్చింది. అక్కడ నిజంగా కాయ మేలు కాదని తెలిసినవాళ్ళు ఎవరూ అంత త్వరపడరు. అంటే తెర మీది మాటే బయటికి వెళ్ళింది. ఆ మాట ఇక ప్రశాంతి చెప్పిందనే అనుకుంది శ్రీకరి. కానీ ఫోన్ లేకుండా, ఫ్యాక్టరీ దాటకుండా ఎట్లా చెప్పింది? అది తేలక, మళ్ళీ బంగారుపాళ్యంలో బస్సు దిగి, ఒక ఆటో మాట్లాడుకుని మునిరామయ్య తోటకే వెళ్ళింది.

మునిరామయ్య పెద్దాయన. చెట్టు కింద కాయలు ఏరి గంపలకెత్తిస్తున్నాడు. పక్క ఫ్యాక్టరీవాళ్ళకు ఎవరు చెప్పారని అడిగితే దాచుకోలేదు.

"నేనే ఫోన్ చేసి సెప్పినానమ్మా. మంచి కాయ ఉండాది, రేపు గంగాధరం మనిషి వస్తాడు, ముందుగా వచ్చి ఒక రూపాయి ఎక్కువిస్తే మీకే ఇస్తానని."

"మంచి కాయని నీకెవరు చెప్పినారు?"

"ఎవురూ సెప్పల్యా. గంగాధరం తానే లేసి గేటుకాడికి వచ్చినాడు గదా. బుజం మీద సెయ్యేసి, టీ తెప్పించి, సెట్లమీద ఇంకా ఎంత కాయ ఉండాదప్పా అని అడిగినాడు. మామూలు కాయకు ఆయప్ప కుర్చీలోంచి లెయ్యడు. ఈ సుట్టుపక్కల రైతులందరికీ తెలుసు ఆ సంగతి." ఇంకో కాయ ఏరి గంపలో వేసి, "నాకే నమ్మబుద్ధి కాల్యా. ఈ ఏడు మా కాయ అంత బాగలేదే అనుకున్నా" అన్నాడు.

శ్రీకరి అక్కడ గట్టు మీద కూర్చుండిపోయింది. ముందుది గానీ తనది గానీ, ఏ ప్రోగ్రామూ ఎవరికీ ఏమీ చెప్పలేదు. ప్రశాంతీ చెప్పలేదు. ఫ్యాక్టరీ యజమాని కుర్చీలోంచి లేవడమే కబురు.

ఆ మధ్యాహ్నమే గంగాధరానికి జరిగిందంతా చెప్పింది, మునిరామయ్య లోడు విషయంలో తను చేసిన మార్పుతో సహా. ఆయన నవ్వుతాడనో, సిగ్గుపడతాడనో అనుకుంది. ఆయన మొహం ముడుచుకుంది.

"అంటే నా దగ్గర సెప్పకుండా నా గేటులో అబద్ధం సూపించినావు."

"ఒక్కసారే సార్. ఎవరని తెలియడానికి."

"ఒక్కసారో పదిసార్లో నాకెట్ల తెలిసేది? బయటికి మాట్లాడదు అని సెప్పినావు. సరే. లోపల అబద్ధం సెప్పగలదని మాత్రం సెప్పల్యా."

ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. ఇన్నేళ్ళూ బయటికి పోయే దారుల గురించే ఆలోచించింది గానీ, లోపల కూర్చుని లెక్క రాసే మనిషి గురించి, అంటే తన గురించి, ఎప్పుడూ ఆలోచించలేదు. ఫైలూ, కంపైలరు కోడు ఉన్న కాగితాలూ ఆయన ముందు పెట్టి, "ఏర్పేడు కాలేజీలో కంప్యూటర్లు చదివే పిల్లలెవరితోనైనా చదివించండి. నాకు చెప్పొద్దు, ఎవరితోనని" అంది. ఆయన నిజంగానే చదివించాడు. చదివిన పిల్లలు లెక్క సరిగా ఉందన్నారు.

బయటికి వస్తుంటే ప్రశాంతి గేటు దగ్గర ఎదురైంది. సంగతి అప్పటికే ఆమె చెవిన పడింది.

"నువ్వు కూడా నన్నే అనుకున్నావా అక్కా?"

"అవును" అంది శ్రీకరి.

ప్రశాంతి తల ఊపింది. కాయ కోసే బల్ల తుడవడంలో పడిపోయింది. ఆ తర్వాత ఆమె శ్రీకరిని మేడమ్ అని పిలిచింది. ఇప్పటికీ అట్లాగే పిలుస్తుంది.

గంగాధరం మరునాటి నుంచి గేటు దగ్గరికి రావడం మానేశాడు. కాయ ఎట్లా ఉన్నా వెనక గదిలోనే కూర్చున్నాడు. తోటలు పోవడం ఆగింది. కానీ ఇంకో సంగతి మొదలైంది. ఆయన లేచొస్తే కాయ మంచిదని రైతులకు తెలిసేది, రాకపోతే కాదని తెలిసేది. ఇప్పుడు ఏమీ తెలియడం లేదు. గదిలో కూర్చుని ఏం చేస్తున్నాడు? తెర మీద ఏం పడుతోంది, పడేది నిజమేనా? తిరుపతి నుంచి ఒకావిడ వచ్చి మెషీనులో ఏదో మార్చిపోయిందట కదా? ఆ మాట మునిరామయ్య నుంచే పాకిందో, ఫ్యాక్టరీలోంచే పాకిందో తెలియదు. కొన్ని ట్రాక్టర్లు గేటు దాకా వచ్చి, లోపలికి తిరగకుండా ముందుకు వెళ్ళిపోవడం మొదలుపెట్టాయి.

గంగాధరం మళ్ళీ ఫోన్ చేశాడు. ఈసారి గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "ఏం సేద్దామమ్మా?"

"టాబ్లెట్ రైతు వైపు పెట్టండి. ప్రశాంతి అంకె కొట్టేది వాళ్ళూ చూడాలి, జవాబూ చూడాలి."

"పక్కోడికి తెలిసిపోతాది గదా."

"తెలుస్తుంది. ఇంతకుముందూ తెలిసేది."

ఆయన రెండ్రోజులు ఆలోచించి, గేటు బయట రేకు కింద చిన్న స్టాండు వేయించాడు. శ్రీకరి దాని కోసం పేజీలో అక్షరాలు పెద్దవి చేసింది, ప్రతి కాయకూ వచ్చిన అంకె విడివిడిగా కనిపించేట్టు మార్చింది. మంచి తోటలు కొన్ని పక్క ఫ్యాక్టరీకి పోయాయి, కొన్ని మిగిలాయి. వెళ్ళిపోయిన ట్రాక్టర్లు చాలావరకు తిరిగొచ్చాయి.

సీజను చివర్లో ఒకరోజు శ్రీకరి అక్కడ ఉండగా మునిరామయ్య చివరి లోడు వచ్చింది. మధ్యమం అని పడింది. ఆయన తెర దగ్గరికి వంగి, ఒక్కొక్క అంకెనూ వేలితో చూపిస్తూ చదివాడు. తర్వాత ఆమె వైపు తిరిగి, "ఇది నిజమేనని నేనెట్ల నమ్మేది తల్లీ?" అన్నాడు.

"నమ్మొద్దు" అంది శ్రీకరి. "కాయ నాలుగు సంచిలో వేసుకుపోయి ఇంకోచోట కొలిపించుకో."

మునిరామయ్య లోడులోంచి నాలుగు కాయలు ఏరుకుని తువ్వాలులో మూట కట్టుకున్నాడు.