నాయన పేరున రాసిన చీటీ

మా నాయన నన్ను బడికి పంపలేదు. ఈ మాట చెబితే చాలామంది ఆయన్ను పాతకాలపు మనిషి అనుకుంటారు. ఆయన ఉదయగిరిలో ముప్పై ఏళ్ళకు పైగా వైద్యం చేసిన డాక్టరు. నాకు ఆరో ఏట కీళ్ళజ్వరం వచ్చి గుండెకు కాస్త దెబ్బ తగిలింది. అంతే, ఇక బడి వద్దన్నాడు. అక్షరాలు, లెక్కలు, ఇంగ్లీషు అన్నీ ఇంట్లో ఆయనే నేర్పాడు. రోజూ పొద్దున నేను దేవుడి ముందు దీపం పెట్టి కూర్చోగానే వీపుకు చల్లగా స్టెతస్కోపు ఆనేది. "ఊపిరి పీల్చు. ఊఁ, వదులు." నాకు పెళ్ళయి, బిడ్డ పుట్టి, అదే వీధిలో కాపురం ఉన్నా ఆ పని మానలేదు. నా స్తోత్రం ఏనాడూ ఆఖరుదాకా సాగింది లేదు.

కోపం వచ్చేది. ఆయన లేని ఇప్పుడు కూడా వస్తుంది.

ఆయన పుట్టింది రంగూన్‌లో. పన్నెండేళ్ళ వయసులో అక్క చెయ్యి పట్టుకుని మద్రాసులో ఓడ దిగాడు. కాందిశీకుల శిబిరంలో ఆ అక్క జ్వరంతో పోయింది. డాక్టరు వచ్చేసరికి మూడు రోజులయిందట. ఈ సంగతి నాకు ఒక్కసారే చెప్పాడు, అదీ నేను మాత్ర మింగనని మొండికేసినప్పుడు. తర్వాత ఎలాగో చదువుకుని, ఆత్మకూరులో మా అమ్మను చేసుకుని, ఉదయగిరిలో బోర్డు కట్టాడు. ఇక ఇంట్లో ఎవరు తుమ్మినా విచారణే. అమ్మకు బీపీ వచ్చిందని ఆవకాయ జాడీ అలమరలో పెట్టి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని తిరిగేవాడు.

"ఊరంతా ఈయన దేవుడంటారు. ఒక్కరోజు ఈ ఇంట్లో ఉండి చూడమను" అనేది అమ్మ.

క్లినిక్‌లో నా పని చీటీలు రాయడం. పేరు, వయసు, ఊరు, బాధ ఏమిటి, ఎన్నాళ్ళుగా. కొండాపురం నుంచి వచ్చినా పక్కింటి నుంచి వచ్చినా వరుసలోనే. చీటీ లేనిదే ఆయన చెయ్యి పట్టి చూడడు. చీటీ టేబుల్ మీద పడితే చూడకుండా లేవడు. నాకు రాత కుదిరిందే ఆ చీటీల మీద. అందుకు ఆయనకు రుణపడే ఉన్నాను.

అరవై దాటాక ఒక వేసవిలో మెట్లెక్కుతూ మధ్యలో ఆగడం మొదలుపెట్టాడు. ఎడమ చెయ్యి రుద్దుకునేవాడు. అదేమిటో నాకు తెలియదా? ఎంతమంది చీటీల్లో రాశాను!

"నెల్లూరు పోయి గుండె చూపించుకో నాయనా."

"గ్యాసమ్మా."

"గ్యాసయితే చెయ్యెందుకు రుద్దుకుంటా ఉండావు?"

"నువ్వు డాక్టరా, నేను డాక్టరా?"

"నువ్వే. అందుకే ఇంత మొండి."

"పాప పరీక్షలు కానీ, పోదాం."

పాప అంటే నా కూతురు. పరీక్షలయ్యాయి. అమ్మ కంటి ఆపరేషన్ కానీ అన్నాడు. అదీ అయింది. నెల్లూరు ఎటూ పోతాం కాబట్టి స్కాను తీయిద్దాం అన్నాడు. నాకు! పెంచలకోన నరసింహస్వామికి మొక్కుకున్నాను గానీ, ఈ మనిషి స్వామికైనా వాయిదా చెప్పగలడనిపించింది.

ఒక సోమవారం క్లినిక్ నిండా జనం. పదకొండు చీటీలు రాసి, పన్నెండోదాని మీద నాయన పేరు రాశాను. వయసు రాశాను. ఊరు ఉదయగిరి. మెట్లెక్కితే రొమ్ములో బిగబట్టినట్టు ఉంటుంది, ఎడమ చెయ్యి లాగుతుంది. మూడు నెలలుగా. కట్ట తీసుకెళ్ళి టేబుల్ మీద పెట్టాను.

పదకొండు మందీ అయ్యాక, అలవాటుగా పన్నెండో చీటీ తీసి పేరు పైకి చదివాడు. చదివి ఆగిపోయాడు.

బెంచీ మీదున్న అవ్వ నవ్వింది. "ఏందయ్యా, నీ పేరు నువ్వే పిలుచుకుంటా ఉండావు?"

"నా పేరు గలాయన ఇంకొకడు ఉండాడులే అవ్వా."

"అయితే రమ్మను. ఆయన తర్వాత నా వరుస."

నాయన నావైపు చూశాడు. నేను తల దించుకోలేదు. లోపల మాత్రం స్వామి నామం ఆగకుండా సాగుతోంది. ఆయన పెన్ను మూత తీసి, మూడు కొట్టేసి ఐదు అని దిద్దాడు. ఐదు నెలలు! కిందనే నెల్లూరు గుండె డాక్టరుకు నాలుగు ముక్కలు రాసి, చివర అర్జంటు అని గీత గీశాడు.

"మిగతా వాళ్ళను చూసి పోదాం" అన్నాడు.

"అర్జంటని నువ్వే రాసినావు."

"పోయ్యా" అంది అవ్వ. "నా మోకాలు యాడికీ పారిపోదు. రేపొస్తా."

కారు మాట్లాడి బయలుదేరాం. ఆత్మకూరు రాగానే, "ఐదు నిమిషాలు ఆపమను, మీ పిన్నికి బీపీ చూసి పోదాం" అన్నాడు. ఆపొద్దని డ్రైవరుకు గట్టిగా చెప్పాను. నెల్లూరు దాకా కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

రెండు చోట్ల రక్తనాళం పూడిపోయిందన్నారు. స్వామి దయ, ఆ తర్వాత ఏడేళ్ళు ఉన్నాడు, మమ్మల్ని ఏడేళ్ళూ సాధించాడు. కానీ ఆ రోజు, ఒంటి నిండా వైర్లు తగిలించుకుని మంచం మీద పడుకుని, నాకన్నా చిన్నవాడైన డాక్టరు దగ్గరికి రాగానే, జేబులోంచి స్టెతస్కోపు తీసి అతని చేతిలో పెట్టబోయాడు.

"ముందు మా అమ్మాయికి చూడు బాబూ. ఈ పొద్దు నేను చూడలా."

నేను దాన్ని లాక్కుని బయటికి వచ్చి, వరండాలో నిలబడి, ఏనాడూ ఆఖరుదాకా సాగని స్తోత్రం మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకున్నాను.