మొదటి గుక్క

నా చిన్నప్పుడు మా ఇంట్లో గిన్నెలు వాటంతట అవే మోగేవి. కోలారు బంగారు గనులు సర్కారు చేతికి వచ్చిన తర్వాతి సంగతి. భూమి అడుగున ఎక్కడో రాయి పగిలితే పైన కార్మికుల ఇళ్ళ వరుసలన్నీ అదిరేవి. ఆ తర్వాత కాసేపు కాకి కూడా అరిచేది కాదు.

అలా అదిరిన ఒక మధ్యాహ్నం మా అవ్వ చెంబు నిండా నీళ్ళు తీసుకుని, నన్ను వెంటబెట్టుకుని గని దగ్గరికి నడిచింది. మా నాయన లోపల ఉన్నాడు. బతికి పైకి వచ్చినవాడికి ఇంటివాళ్ళే మొదటి గుక్క ఇవ్వాలని, మనం తెచ్చిన నీళ్ళు పరాయివాడి నోట పడితే మనవాడు పైకి రాడని మా ఆడవాళ్ళ నమ్మకం.

చాలాసేపటికి కేజ్, గనిలోకి మనుషుల్ని దించి ఎక్కించే ఇనుప బోను, పైకి వచ్చింది. అందులోంచి దిగినవాళ్ళకు ముఖాలు లేవు. తల నుంచి కాళ్ళ దాకా బూడిదరంగు దుమ్ము, అందులో కదలని కళ్ళు. మా నాయన ఎత్తున్న ఒకాయన దగ్గరికి అవ్వ పరుగెత్తి, కొంగుతో తుడవసాగింది. దుమ్ము కింద నుంచి వేరే ముఖం బయటపడింది. మా వెనక వరుస ఇళ్ళలో ఉండే ఒక అక్క భర్త. వాళ్ళది తక్కువ కులమని అవ్వ వాళ్ళను ఏనాడూ మా గడప ఎక్కనివ్వలేదు. దాహమంటే దోసిట్లోకి ఎత్తి పోసేది.

"అవ్వా, ఈయన మన నాయన కాదు" అన్నాను.

"తెలుసులేమ్మే. తల పట్టుకో" అంది. చెంబు ఆయన పెదవులకే ఆనించింది. ఆయన అడుగంటా తాగేశాడు. "నీ కొడుకు నా ఎనకాలే ఉండెనమ్మా. ఇంగ ఏమాయనో తెల్దు" అన్నాడు.

రెండో కేజ్‌లో నాయన లేడు. "వానికి పోసేస్తివి గదా, ఇంగ నీ కొడుకు యాడొస్తాడు" అని వెనక నుంచి ఎవరో గొణిగారు. అవ్వ తిరిగి చూడలేదు.

చివరి కేజ్‌లో వచ్చినవాళ్ళలో నాయనను దగ్గును బట్టి గుర్తుపట్టాం. అప్పటికి మా దగ్గర చుక్క నీళ్ళు లేవు. ఆ అక్కే తన భర్త కోసం తెచ్చుకున్న చెంబు నాయన నోటికి అందించింది. అవ్వ పక్కనే నిలబడి, ఆయన తాగడం అయ్యేదాకా చూసింది.

ముసలితనంలో పెద్దల బడికి వెళ్ళి అక్షరాలు నేర్చుకున్నాను. పుట్టుక, మతం, రంగు చూసి మనిషిని వేరు చేయబోమని ప్రపంచ దేశాలు ఒప్పుకున్నాయని ఆ బడి గోడ మీద రాసి ఉండేది. కూడబలుక్కుని చదవడానికి నాకు ఒక పూట పట్టింది. దేశాలు ఆ మాట నిలబెట్టుకుంటున్నాయో లేదో నాకు తెలియదు. నా మటుకు, కొత్త మనిషిని చూసి మనసు వెనక్కి తగ్గినప్పుడల్లా ఆ ముఖాన్ని బూడిదరంగు దుమ్ముతో కప్పి చూస్తాను. రెండు కళ్ళే మిగులుతాయి. అవి నా వైపే చూస్తుంటాయి.