దూరం నుంచి వచ్చిన అంచు

వాన వెలిసి కరెంటు రాగానే నేతగాళ్ళ సంఘం గదిలో కంప్యూటర్ మిషన్ మొదలవుతుంది. లోపలి ఫ్యాను తిరగబోయి, ఆగి, మళ్ళీ తిరుగుతుంది. వేడెక్కిన దుమ్ము వాసనా, పక్క గదిలో పడుగుకు పట్టించిన గంజి వాసనా కలిసి ముక్కుకు తగులుతాయి. ఆ రెండూ కలిశాయంటే నాకు రజిత మేడమే గుర్తుకొస్తుంది. ఇప్పుడామె వేరే జిల్లాలో పని చేస్తోంది. మీలో ఎవరూ ఆమెను చూసి ఉండరు. నాకు రాయడం అంతగా రాదు, నేను చెబుతుంటే మా కోడలు రాస్తోంది. ఎక్కడైనా మాట కరుకుగా ఉంటే అది నాది, కోడలిది కాదు.

మాది నారాయణపేట దగ్గర ఊరు. నా భర్త నర్సింలు మగ్గం నేసేవాడు. నేయడం కంటే చీర అంచులు గీయడం ఆయనకు ఎక్కువ ఇష్టం. గ్రాఫు కాగితం మీద గడి తర్వాత గడి నింపుతూ కూర్చుంటే అన్నం చల్లారేది, నా నోరు వేడెక్కేది. ఆయన పోయాక నేను నేతగాళ్ళ సంఘంలో ఊడ్చే పనికీ, కండెలు చుట్టే పనికీ కుదిరాను. అప్పటికే సంఘంవాళ్ళు ఆయన కాగితాలన్నీ స్కాన్ చేసి మిషన్‌లో దాచారు. అలా చేయడమే మేలైంది. ఆ ఎండాకాలం ఇంట్లో పెట్టె తెరిస్తే కాగితాలు లేవు, చెదలు మిగిల్చిన మట్టి ఉంది. ఇక ఆయన చేతి గీత అన్నది ఈ లోకంలో ఆ మిషన్‌లోనే ఉంది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు కానీ, గది మొత్తం ఊడ్చాక ఆ బల్లను మాత్రం నా కొంగుతో తుడిచేదాన్ని.

తెలంగాణ వచ్చిన కొన్నేళ్ళకు రజిత మేడం ఆ మిషన్ చూసుకోవడానికి వచ్చింది. మహబూబ్‌నగర్ దిక్కు గొర్లు కాసే ఇంటి పిల్ల. చదువు ఎంత చదివినా గొంతు మాత్రం మందను మళ్ళేసే గొంతే. తెర మీద అందరిలా బొమ్మలు పెట్టుకునేది కాదు. నల్లటి తెర, దాని మీద తెల్లటి అక్షరాలు, అంతే. ఒకరోజు చీపురు పట్టుకునే అడిగాను.

"గిదేం టీవీ మేడం, ఒక్క బొమ్మ లేదు?"

"బొమ్మల మీద నొక్కుకుంట పోతె, నిన్న ఏం నొక్కిన్నో ఇయాల యాదికుండదక్కా. గిట్ల రాస్తె చెప్పిన మాట చెప్పినట్టే ఉంటది. తప్పయితె ఏడ తప్పిందో కండ్ల ముంగటనే కనబడతది."

"నాకు సంతకం తప్ప ఏం రాదు."

"సంతకంల ఉన్న అక్షరాలన్న వచ్చు గద! అవి నేర్చినట్టే ఈ గుండీల మీదియి గూడ నేర్సుకుంటవ్. చీపురు ఆడ పెట్టి కూసో."

అలా కూర్చున్నాను. నాకు తెలుగు కంటే ముందు ఆ గుండీల మీది ఇంగ్లీషు అక్షరాలే పట్టుబడ్డాయి. అర్థం తెలియకపోయినా పోలిక తెలిసేది. ఆమెకు ఒక పట్టుదల ఉండేది: రాసింది గొంతెత్తి చదవకుండా ఎంటర్ కొట్టనిచ్చేది కాదు. "కన్ను మోసం చేస్తదక్కా, చెవి చెయ్యదు" అనేది. నేను చదువుతుంటే మగ్గాల దగ్గర ఆడవాళ్ళు కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వేవాళ్ళు. ఆమె పట్టించుకునేది కాదు, నన్నూ పట్టించుకోనిచ్చేది కాదు.

అంచులు పెరిగి పెరిగి మిషన్‌లో జాగా అయిపోయింది. అప్పుడామె క్లౌడ్‌లో ఒక వాల్యూమ్ కడతానంది. వాల్యూమ్ అంటే మన మిషన్‌కు తన సొంత అరలాగే కనిపించే నిల్వ. మా పెద్దబావ హనుమంతు, నర్సింలుకు అన్న, సంఘంలో అందరికంటే పాత నేతగాడు. ఆయనకు ఈ మాట నచ్చలేదు.

"మా అంచులను మబ్బులల్ల పెడ్తవా బిడ్డా? ఆన పడితె కొట్కపోవా?"

"మబ్బు గాదు పెద్దనాయినా, దూరంల పెద్ద గోదాము. అంతా ఆడ ఉంటది. మీరు దినాం అడిగేటియి మాత్రం ఈ చిన్న డిస్కుల చేతికందేటట్టు ఉంటయి. దాన్ని కాష్ అంటరు. ఎవ్వరు అడగనియి ఆడనే పండుకుంటయి. అడిగితె లేసొస్తయి."

"నాలుగేండ్ల నుంచి అడగనిది మర్చిపోదా మరి?"

"మర్చిపోదు. రానీకి జర ఆలిస్యం చేస్తది, గంతే."

"మా చిన్నల్లుని లెక్క" అన్నాడు బావ. గది అంతా నవ్వింది.

ఒక పొడుగాటి వాక్యం రాసి ఆమె గోదాముకు అన్నీ చెప్పింది: ఏ మిషన్‌కు కట్టాలో, ఎంత పెద్దదో, పేరేమిటో, ఏ చిరునామా మీద కనిపించాలో. చివర, ఇది ఏ కోరికో గోదాము గుర్తుపట్టేలా, పేరులాంటి ఒక గుర్తు పెట్టింది. మా ఊళ్ళో నెట్టు సంగతి ఆమెకు అప్పటికే తెలుసు. "నడుమల నెట్టు పోయిందనుకో అక్కా, గదే మాట గదే గుర్తుతోని మళ్ల చెప్పాలె. రెండుమాట్ల అడిగినా ఒక్కటే కడతది" అంది. మిషన్ చెడిపోతే దాన్నుంచే కొత్త వాల్యూమ్ కట్టొచ్చని, ఆ తర్వాత అప్పుడప్పుడూ ఆ వాల్యూమ్‌కు నకలు తీసి గోదాములోనే పెట్టేది.

మరుసటి వానాకాలం, ఒక మధ్యాహ్నం పిడుగు పడింది. మగ్గాల గదిలో బల్బులు పగిలాయి, మిషన్‌లోంచి పొగ వచ్చింది. నేను పరుగెత్తి వెళ్ళి దాని మీద చేయి పెట్టాను. కాలింది. అంతా గోదాములో ఉందని మేడం చెప్పినా నా మనసు నమ్మలేదు, ఆ పూట అన్నం ముట్టలేదు. మనిషి పోయినప్పుడు పది మంది వచ్చి పలకరిస్తారు. గీతలు పోతే ఎవరు వస్తారు?

కొత్త మిషన్ వచ్చిన రోజు నేతగాళ్ళంతా గది నిండా నిలబడ్డారు. రజిత మేడం టకటకా రాసింది. తొందరలో ఆరోజు చదవనేలేదు. ఎంటర్ కొట్టింది. వాల్యూమ్ వచ్చింది. తెరిస్తే లోపల ఏమీ లేదు. ఒక్క అంచు లేదు.

"ఆన పడ్డది గద బిడ్డా" అన్నాడు బావ. ఈసారి ఎవరూ నవ్వలేదు.

రజిత మేడం తాను రాసింది మళ్ళీ చదువుకుంది. తర్వాత వెనక్కి తిరిగి అందరికీ వినబడేలా చెప్పింది. "తప్పు నాది. చదవకుంట కొట్టిన. దేనికెల్లి కట్టాలెనో చెప్పలే, ఉత్త ఖాళీది కట్టింది. మీయి యాడికి పోలే." బావ మొహంలో నమ్మకం కనబడక నన్ను పిలిచింది. "అంజమ్మక్కా, చీర కోసినంక కొత్త పడుగు ఎట్ల ఎక్కిస్తరు, జర చెప్పు."

నేను గడప దగ్గర నుంచే చెప్పాను; అచ్చు అంటే మగ్గానికి ఉండే దువ్వెన లాంటి చట్రం, పడుగు పోగులు దాని పళ్ళ మధ్య నుంచే వస్తాయి. "పాత పడుగు కొసలు అచ్చుల్నే ఇడిసిపెడతం. కొత్త పోగులు ఒక్కొక్కటి వాటికి అతుకుతం."

"అతకకుంట ఉత్త అచ్చు పెడితె?"

"ఏం ఉంటది, ఉత్త అచ్చే ఉంటది" అని బావ తానే అన్నాడు. అనేసి ఆగిపోయాడు.

"గదే చేసిన పెద్దనాయినా. మనం తీసిపెట్టిన నకలు ఉన్నది. దాని పేరు చెప్పి, దానికే అతకాలె." ఇలా అని లేచి నిలబడి కుర్చీని నా వైపు తోసింది. "నువ్వు కొట్టక్కా."

"నేనా? గింత మంది ముంగట?"

"మీ ఆయనవి గద. కొట్టు."

ఆమెకు తెలుసు. ఇంట్లో ఆయన కాగితం ఒక్కటీ మిగల్లేదని నేను ఎన్నడూ చెప్పలేదు, అయినా తెలుసు. కూర్చున్నాను. ఒక్కో అక్షరం వెతికి కొట్టాను. ఈసారి నకలు పేరు కూడా పెట్టాను. మొదటి నుంచి చివరి దాకా గొంతెత్తి చదివాను. ఆడవాళ్ళు నవ్వలేదు. ఎంటర్ కొట్టగానే నెట్టు పోయింది. గదిలో ఎవరో "అయిపాయె" అన్నారు. నేను మాత్రం నెట్టు వచ్చేదాకా చేతులు ఒళ్ళో పెట్టుకొని, అదే మాట, అదే గుర్తుతో మళ్ళీ చెప్పాను. ఒక్కటే కట్టింది.

తెరిచాం. పేర్లు వరుసగా వచ్చాయి. నర్సింలు జొన్నకంకి అంచు మీద నొక్కాను. తెర తెల్లగా ఉండిపోయింది. మేడం నా భుజం మీద చేయి వేసి, "దూరంకెల్లి వస్తున్నదక్కా, రానీ" అంది. మొదట ఒక వరుస గడులు వచ్చాయి. తర్వాత ఇంకొకటి. ఆయన పెన్సిలు ఒత్తి గీసే చోట మసక కూడా అలాగే వచ్చింది. మూసి మళ్ళీ తెరిస్తే చటుక్కున వచ్చింది. హనుమంతు బావ కండువాతో కళ్ళు తుడుచుకొని, "మళ్ల తెరువు" అన్నాడు. ఆ సాయంత్రం అందరూ అదే అన్నారు.

ఆమె బదిలీ అయి వెళ్ళేనాటికి ఆ కుర్చీ నాదైంది. ఊడ్చే పని ఇంకొకరు చేస్తున్నారు. ఆమె దగ్గర నేర్చుకున్న మాటల్లో సగం ఇప్పటికీ నాకు అర్థం కావు. నాకు మిగిలింది వేరే ఒకటి. మొన్న కొల్లాపూర్ దిక్కు నుంచి ఒక కొత్త కోడలు వచ్చింది, చనిపోయిన అత్త నేసిన అంచు కావాలని. ఎన్నో ఏళ్ళుగా ఎవరూ అడగని అంచు అది. పేరు నొక్కాను, తెర తెల్లగానే ఉంది. ఆ పిల్ల మొహం వాడిపోయింది. "లేదా పెద్దమ్మా?" అంటూ సంచి భుజానికి వేసుకుంది.

స్టూలు ముందుకు జరిపాను.

"కూసో బిడ్డా. అడిగినం గద, వస్తది."