పూల మీద నెట్టిన మరక

మా ఇల్లు సిద్దిపేటలో మా బట్టల దుకాణం పైనే. ముందు గదిలో నేలకు బండలు కాదు, టేకు పలకలు వేయించాడు మా బాపు. చెక్క మీద నీళ్లుండే వస్తువు ఏదీ పెట్టకూడదనేది ఆయన నియమం. ఒక ఎండాకాలం ఆయన ఊళ్లో లేనప్పుడు, ఇనుప స్టాండు మీద కూలర్ తెచ్చి కిటికీ దగ్గర పెట్టాను. అది కారింది. స్టాండు తీసి చూస్తే, కాలు ఆనిన చోట అరచేతంత నల్లమరక. ఎవరూ చూడకముందే దాని మీద చాప పరిచాను.

బతుకమ్మ రోజుల్లో నా భార్య గునుగు పూలకు రంగులద్ది ఆ చాప మీదే ఆరబెట్టింది. పూలు ఎత్తాక చాప చుడుతుంటే బాపు మరక చూసి, ఇదేందని అడిగాడు. రంగునీళ్లు దిగినట్టున్నాయన్నాను. ఆమె కూడా నమ్మింది. మరుసటేటి నుంచి బతుకమ్మను మా చెల్లె వాళ్లింట్లో పేర్చడం మొదలుపెట్టింది. బాపు ఆ మాటే నిజమనుకొని కన్నుమూశాడు. బంధువుల్లో అది ఇప్పటికీ నవ్వుకునే ముచ్చట. అందుకే ఇది రాస్తున్నాను.

ఈ ఏడు మరక దగ్గర పలక మెత్తబడి, మడమ దిగుతుంటే చెక్కపని చేసే వడ్లాయనను పిలిచాను. అప్పుడు ఇంట్లో నేనొక్కడినే ఉన్నాను. ఆయన ఉలితో పొడిచి చూశాడు. పూల రంగునీళ్లని చెప్పాను, అలవాటుగా.

"పూల నీళ్లకు గింత నల్లగ కాదు సేటు. గిది ఇనుము నానిన మరక" అన్నాడు.

ఆయన మెత్తబడ్డంత మేర చెక్కి తీసి, పాత దర్వాజ ముక్కను ఆ కొలతకు కోసి, పలక గీతల వెంబడే గీతలు వచ్చేలా కూర్చోబెట్టాడు. సందుల్లో రంపపు పొట్టు, జిగురు కలిపి నింపాడు. ఆరిందాక నూనె రాయొద్దన్నాడు.

బతుకమ్మ మొదటి రోజు, ఎంగిలిపూల నాడు చెల్లె వాళ్లింట్లో అందరూ పూలు కడుతున్నారు. చెల్లె ప్రతి ఏడూ అనే మాటే అన్నది:

"మా వదిన ఇంట్ల పేరిస్తే బతుకమ్మ చెర్వుకు పోదు, సీదా కింద దుకాణంలకే దిగుతది."

"గది పూల నీళ్లు కాదు" అన్నాను. "నా కూలర్ కారింది. నాకప్పుడే ఎర్క."

చెల్లె నవ్వబోయి ఆగింది. నా భార్య తలెత్తలేదు. చేతిలోని గునుగు కట్టకు దారం చుట్టి, ముడి వేసి, అప్పుడు అన్నది:

"నిమ్మకాయ వెట్టి రెండు దినాలు రుద్దిన."

ఆఖరి రోజు, సద్దుల నాటికి గునుగు మా ఇంట్లోనే ఆరింది, బయట వరండాలో. ముందు గదిలోకి తెమ్మన్నాను. బండల మీదనే మంచిగున్నయన్నది.