పడగ్గది గోడకు నేను చెప్పిన నీలం

రంగుల విషయంలో నాకు ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేదని ఇరవై రెండేళ్ళు నమ్మాను. ఏలూరులో నేనూ మా తోడికోడలూ కలిసి నడిపే మ్యాచింగ్ సెంటర్‌లో నాది ఆ హోదా. చీర తెచ్చి బల్ల మీద పెడితే చాలు, దానికి సరిపడే జాకెట్టు గుడ్డా, లైనింగూ, ఫాల్సూ అరల్లోంచి తీసి పడేసేదాన్ని. రెండో తాను కూడా తీసి, పక్కపక్కన పెట్టి పోల్చుకోవడం నాకు నామోషీ. కొల్లేటి లంకల నుంచీ, చింతలపూడి వైపు నుంచీ పెళ్ళిచీరలు మూటలు కట్టుకుని వచ్చేవాళ్ళు, "అమ్మగారున్నారా అండీ? ఆవిడ తీస్తే ఇంక తిరుగుండదండీ" అని నా కోసం కూర్చునేవాళ్ళు. తోడికోడలి పని గుడ్డ కత్తిరించి పొట్లం కట్టడం. రంగు మాత్రం నేనే చెప్పాలి. ఇంకెవరైనా నోరు తెరిస్తే నాకు ఒళ్ళుమండేది.

ఆ ఏడు వానలకి మా పడగ్గది గోడ చెమ్మెక్కి పెచ్చులూడింది. మేస్త్రీ వచ్చి బాగుచేసి వెళ్ళాక రంగు సంగతి వచ్చింది. మా ఆయన బస్సు కండక్టరు. రోజంతా జనంతో అరిచి అరిచి ఇంటికొచ్చాక ముక్తసరిగా మాట్లాడతారు. "నీకు తెలియందేముంది, నువ్వే చెప్పు" అని వదిలేశారు.

రంగులేసే ఆయన షేడ్ కార్డు తెచ్చి నా ముందు పెడితే పక్కకి నెట్టేశాను. అట్ట మీద అంగుళం ముక్క చూసి గోడంతా వేయించుకునే రకం కాదు నేను. గోడ మీదే వేసి చూపించమన్నాను. నాకు కావలసింది లేత నీలం, తెల్లబట్టకి నీలిమందు పెట్టి ఆరేస్తే వచ్చేంత నీలం. అతను జానెడు మేర వేశాడు.

"ఇది నీలమా? బూడిద కలిపి తెచ్చావా?" అన్నాను.

ఇంకాస్త ముదురు చేసి రెండో పట్టీ వేశాడు. అదీ బూడిదే. మూడోదీ అంతే. నాలుగోసారి డబ్బాలో కలుపుతూ ఆగాడు.

"అమ్మగారూ, ఇది ఎక్కువైపోద్దేమోనండి. గది చిన్నది కదండి."

"నాకు చెప్తున్నావా రంగులు? ఇరవై ఏళ్ళ బట్టి నేను రంగుల్లోనే బతుకుతున్నానయ్యా!"

అతను మా ఆయన వంక చూశాడు. మా ఆయన కిటికీలోంచి వీధిలోకి చూడసాగారు. నాలుగో పట్టీ నాకు నచ్చింది. నేను పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్ళు.

రెండు రోజుల్లో గది పూర్తయింది. మా ఆయన గుమ్మంలో చాలాసేపు నిలబడి "బాగుంది" అన్నారు. తోడికోడలు కూరగిన్నె ఇవ్వడానికొచ్చి, తొంగిచూసి, "చల్లగా ఉందక్కా" అంది. వచ్చిన చుట్టాలందరూ "ఎంత బావుందండీ" అన్నారు. నాకు మాత్రం ఆ రంగు కొంచెం వెలవెలబోయినట్టు అనిపించేది. అయినా ఇంతమంది మెచ్చుకున్నారు కదా అని మురిసిపోయాను. పది నెలలు ఆ గదిలోనే పడుకున్నాం.

తర్వాత సూదిలో దారం ఎక్కడం మానేసింది. సందె వేళ ఎదురొచ్చే బస్సు లైట్లు చెదిరి కళ్ళనిండా పరుచుకునేవి. డాక్టరుగారు చూసి, రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరాయన్నారు. ముందు కుడికన్నుకి ఆపరేషన్ చేశారు. మర్నాడు కట్టు విప్పగానే ఎదుటి మంచం మీది దుప్పటి తెలుపు కంట్లో గుచ్చుకుంది. తెలుపు అంత తెల్లగా ఉంటుందని నేను మరిచిపోయాను. ఆ శుక్లం ఇన్నాళ్ళూ నా కంటికి పసుప్పచ్చ గాజులా అడ్డంపడిందనీ, అందులోంచి చూస్తే నీలాలన్నీ మాసిపోయి కనిపిస్తాయనీ డాక్టరుగారు మామూలుగా చెప్పేశారు. నేనూ తలూపాను. ఆ మాట ఎక్కడిదాకా వెళుతుందో నాకప్పుడు తట్టలేదు.

ఇంటికొచ్చి పడగ్గది తలుపు తీశాను.

చేపల చెరువుల గట్ల మీద మేత బస్తాలకి టార్పాలిన్ కప్పుతారే, ఆ నీలం. నాలుగు గోడలూ అదే. కుడికన్ను మూసి చూస్తే నేనెరిగిన లేత గోడ. ఎడమకన్ను మూస్తే టార్పాలిన్. పిచ్చిదానిలా అదే పనిగా మార్చి మార్చి చూశాను.

"ఏవండీ, ఈ గోడ మొదట్నుంచీ ఇలాగే ఉందా?"

ఆయన సంచీ కింద పెట్టి, "నువ్వు ముచ్చటపడ్డావు కదా అని..." అన్నారు.

"పది నెలలు పడుకున్నారే ఇందులో! ఒక్కసారైనా చెప్పాలనిపించలేదా?"

"అలవాటైపోయిందిలే."

కంట్లో నీళ్ళు రాకూడదని డాక్టరుగారు మరీ మరీ చెప్పారు. నా వల్ల కాలేదు.

ఆ తర్వాత పట్టుకుంది అసలు భయం. గోడ సరే, నా గోడ. మరి కొట్లో నేను తీసిచ్చిన గుడ్డల మాటేమిటి? నాలుగో రోజున నల్లకళ్ళద్దాలు పెట్టుకుని తోడికోడలింటికి వెళ్ళాను. ఆవిడ వంటింట్లో గోంగూర వలుస్తోంది.

"నిజం చెప్పు. నేను తీసినవి తప్పాయా?"

ఆవిడ తలెత్తలేదు. "అన్నీ కాదక్కా. నీలాలు, ఊదాలు. ఆకుపచ్చల్లో కొన్ని. ఒక ఏడాదిన్నర బట్టి."

"మరి జనం ఏమీ అనలేదేం?"

"కత్తిరించేటప్పుడు నేను పక్క తాను తీసి కత్తిరించేసేదాన్ని. మీరు చూసేవారు కాదు కదక్కా."

అంటే ఏడాదిన్నరగా నా వెనకాల నిలబడి నా పని ఆవిడే చేసింది. పేరు మాత్రం నాకు వచ్చింది.

"ఆ గూడెం వాళ్ళదొక్కటే తప్పిపోయిందక్కా. ఆ రోజు నేను కొట్లో లేను" అంది మెల్లిగా.

తాడేపల్లిగూడెం నుంచి వచ్చిన పెళ్ళికూతురి తల్లి నాకు బాగా గుర్తుంది. వాళ్ళ ఊదారంగు పట్టుచీరకి నేను నీలం గుడ్డ ఇచ్చానట, వాళ్ళ చుట్టాలెవరో తోడికోడలికి చెప్పారట. కొట్లో చీకటిగా ఉండి వాళ్ళూ గమనించలేదు, నా మాట మీద నమ్మకం కూడా. చీర బీరువాలో పెట్టి గుడ్డ ఒక్కటే మగ్గం వర్క్‌కి పంపారు. అంత పనీ అయ్యాక, పెళ్ళినాడు కట్టబోతే రెండూ కలవలేదు. వాళ్ళు వచ్చి నన్ను ఒక్క మాట అనలేదు. ఆ తర్వాత మా కొట్టు గుమ్మం ఎక్కలేదు, అంతే. ఓసారి బజార్లో ఎదురుపడితే "తీరుబడి దొరకట్లేదండీ" అని నవ్వి వెళ్ళిపోయింది ఆ తల్లి. మొహమాటానికి పోతే ఏమవుతుందో మనకో సామెత ఉంది, అది ఇక్కడ రాసేది కాదు. మా గోదావరి మర్యాద మీద ఆ రోజంతా మండిపడ్డాను. కానీ ఆలోచిస్తే, మొహమాటం వాళ్ళదే అయినా భయం నేను పెట్టిందే. రంగు తప్పని నా మొహం మీద చెప్పగలిగే ధైర్యం నేను ఎవరికి మిగిల్చాను గనక!

రెండో కన్ను కూడా అయ్యాక మళ్ళీ కొట్లో కూర్చున్నాను. ఇప్పుడు నీలాల్లో పదహారు రకాలు విడివిడిగా కనిపిస్తున్నాయి. ప్రతి చీరకీ రెండు మూడు తానులు తీసి పోల్చుకుంటున్నాను. తోడికోడలు నేను తీసిందే కత్తిరిస్తోంది. కత్తెర పెట్టేముందు గుడ్డని చీర మీద వేసి ఒక్క క్షణం ఆగుతోంది. ఆగొద్దని ఏ మొహం పెట్టుకుని చెప్పను?

నెల తిరక్కుండానే గదికి మళ్ళీ రంగు వేయిద్దామన్నారు మా ఆయన. ఆ పాత మనిషే వచ్చాడు. ఈసారి షేడ్ కార్డు నేనే అడిగి తీసుకున్నాను. కిటికీ దగ్గర, గోడకి ఆనించి, లైటు వేసి, ఆర్పి, అరగంట చూశాను. చివరికి ఒక లేత నీలం మీద వేలుపెట్టాను.

"ఎలా ఉంటుందంటావు? మొహమాటం లేకుండా చెప్పు. తప్పయితే తప్పని చెప్పు, నేనేమీ అనను."

"మీ ఇష్టమండీ. మీకు తెలీందేముందండీ" అన్నాడు అతను.

"మీరు చెప్పండి పోనీ."

"బాగానే ఉంది" అన్నారు మా ఆయన కార్డు వంక చూసీ చూడకుండా.

ఇద్దరూ అరుగు మీదికి వెళ్ళారు. నేను గదిలోనే నిలబడ్డాను. బయట అతను గొంతు తగ్గించి అడగడం వినిపించింది. "ఇదే వేసెయ్యమంటారా బాబుగారూ? మళ్ళీ ఆ మాదిరి అయితే కష్టమండి."

మా ఆయన ఇంకా తగ్గించి అన్నారు. "వెళ్ళేటప్పుడు కొట్లో మా మరదలికి ఓసారి చూపించు. ఆవిడ సరేనంటే డబ్బా తెచ్చెయ్."

పాత రోజులైతే ఆ అరుగు మీదే ఇద్దరినీ కడిగేసేదాన్ని. ఇప్పుడు గడప దాటలేకపోయాను. మూడో రోజుకి గోడలు లేత నీలంలోకి వచ్చాయి. సరిగ్గా నేను వేలుపెట్టిన రంగే. కాకపోతే నేను చెప్పినందుకు వేసింది కాదు.