సిరీస్ బల్బూ, అమ్మ నడకా

ఆయన నలభై ఏళ్లు రేడియోలు బాగుచేశాడు. ఆ నలభై ఏళ్లలో ఒక్క యంత్రాన్నయినా పరీక్షించకుండా గోడ ప్లగ్గుకు తగిలించిన పాపం ఎరగడు. ప్లగ్గుకూ యంత్రానికీ మధ్య, కరెంటు దారిలోనే, సిరీస్‌లో నూరు వాట్ల బల్బు ఉండి తీరాలి. అది మసగ్గా వెలిగితే యంత్రం క్షేమం. భగ్గుమంటే లోపల తీగలు ఒకదాన్నొకటి కావలించుకున్నట్టు. కొత్తగా కొన్న మిక్సీ కూడా ఈ పరీక్ష నెగ్గాకే వంటింట్లో అడుగుపెట్టింది. వీధిలో ఆయన్ని నిదానంగారు అంటారు. అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా కనబడదు.

అలాంటి మనిషి ముందు ఒక ఆదివారం చెల్లెలు పాత ప్రొజెక్టరు తెచ్చి పెట్టింది. తండ్రి కొన్నది. తల్లి పోయిన ఏడాదే ఆ తండ్రే దాన్ని పెట్టెలో పెట్టి తాళం వేశాడు. ఆ తాళం యాభై మూడేళ్లకు ఇప్పుడు ఊడింది. పెట్టెలో ఒకటే ఫిల్ము చుట్ట, మూడు నిమిషాలది. అందులో అమ్మ ఉంది. అమ్మ పోయేనాటికి చెల్లెలికి రెండేళ్లు. "నీది అచ్చం మీ అమ్మ నడకే" అని బంధువులు చెప్పగా వినడమే గానీ, ఆ నడక ఆమె చూసి ఎరగదు. అన్నయ్యను అడిగితే, "బాగానే నడిచేది" అంటాడు, మోటారు సంగతి చెప్పినట్టు.

"ఇప్పుడే పెట్టి చూద్దాం అన్నయ్యా."

"యాభై మూడేళ్లు నిద్రపోయినవాణ్ణి చెంప మీద కొట్టి లేపుతామా?"

"మరి ఎన్నాళ్లు బతిమాలతావు?"

"పదిహేను రోజులు."

"ప్లగ్గు ఇక్కడే ఉంది కదా బావగారూ" అని ఆమె భర్త చెయ్యి చాచాడు. నిదానంగారు కటింగ్ ప్లయరుతో పగుళ్లు బారిన వైరును అక్కడికక్కడే కత్తిరించి, ప్లగ్గు ఆయన చేతిలో పెట్టాడు. "ఇదిగో, పెట్టుకోండి."

తరువాత పక్షం రోజులూ ఆ ఇంట్లో భోజనాల బల్ల ఆపరేషను బల్ల అయింది. తారులా కరిగిన బెల్టును స్పిరిటుతో గీకాడు. గట్టిపడిన గ్రీజు కడిగాడు. వైరూ కండెన్సరూ మార్చాడు. ప్రొజెక్టరు దీపం తీసేసి సిరీస్ బల్బు తగిలించాడు. అది మసగ్గా వెలిగింది, మోటారు కదిలింది. ఇక మిగిలిన భయం ఒకటే. ఆ వేడి దీపం ముందు ఫిల్ము రెండు క్షణాలు ఆగితే అమ్మ ముఖంలో చిల్లు పడుతుంది, మరో ప్రతి లేదు. అందుకని దీపం మళ్లీ బిగించి, పాతసామాన్ల కొట్లో దొరికిన పనికిరాని ఫిల్మును ఏడుసార్లు నడిపించి, ఎనిమిదోసారికి చెల్లెలికి కబురు పెట్టాడు.

మధ్యాహ్నం కిటికీలు మూసి, గోడకు దుప్పటి కట్టారు. మోటారు తిరిగింది, దీపం వెలిగింది. దుప్పటి మీద అమ్మ పైకప్పుకు వేలాడుతూ, వెనక్కి నడుచుకుంటూ గేటులోకి మాయమైపోతోంది.

నిదానంగారు ముందు దీపం, తరువాత మోటారు ఆపాడు. ఆ కంగారులోనూ వరస తప్పలేదు.

"ఉండనివ్వకపోయావా, కాళ్లయినా కనబడుతున్నాయి" అంది చెల్లెలు, మెడ పక్కకు వంచి.

"అన్నీ చూశారు, చుట్ట చూసుకోలేదా బావగారూ?"

"కరెంటు వైపే చూశాను" అని ఒప్పుకున్నాడాయన. చుట్ట తీసి చేత్తో వెనక్కి చుడుతూ, "నాన్న చివరిసారి చూసి, తిరిగి చుట్టలేదు" అన్నాడు.

రెండోసారి ముందంతా చెట్లూ గోడలే, చివర్లో అమ్మ నిటారుగా వచ్చింది. చేతిలో బకెట్టు, ఒక చెప్పు కాస్త ఈడుస్తూ గేటు నుంచి గుమ్మం దాకా పదకొండు సెకన్లు నడిచింది. అంతటితో చుట్ట అయిపోయింది.

"మళ్లీ వెయ్యి."

"దీపం చల్లారాలి. అరగంట."

చెల్లెలు లేచి తలుపు దాకా వెళ్లి, అక్కడి నుంచి దుప్పటి దాకా నడిచి, భర్త వైపు తిరిగింది. "చూశారా?"

ఆయన బాగా ఆలోచించాడు. "అంతా అదే. ఆవిడ కాస్త నెమ్మది, అంతే."

ఆమె తిరిగి తలుపు దగ్గరికి వెళ్లి, ఈసారి నెమ్మదిగా నడిచింది.