దీవిలో ఎవరూ లేరన్న వాక్యం

పోయిన శుక్రవారం ఉదయం నా భార్య రెండు గుక్కల కాఫీ తాగింది. మధ్యాహ్నం నర్సు ఇచ్చిన మాత్ర రంగు ఎందుకు మారిందని అడిగి, జవాబు విన్నాకే వేసుకుంది. సాయంత్రం ఊపిరి ఆగిపోయింది. ఎడిసన్, పిస్కాటవే ఊళ్లలోని మిత్రులందరికీ ఫోన్ చేసే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నాను.

ఆమె ఇక్కడి కాలేజీలో భూగోళం చెప్పేది. దేన్నీ ఊరికే నమ్మేది కాదు. కారులో జీపీఎస్ ఎడమకు తిరగమంటే, "దానికేం తెలుసండీ, మీరు నేరుగా పోనివ్వండి" అనేది. దోసకాయ తరిగితే మొదట ఒక ముక్క నోట్లో వేసుకునేది. చేదు కాదని తేలాకే పప్పులోకి. ఆ అనుమానాలకు నేను విసుక్కున్న రోజులున్నాయి. ఆమె మోసపోయిన రోజు మాత్రం గుర్తు లేదు.

చివరి ఏడాది ఒక పిల్లల విజ్ఞాన కోశానికి హిందూ మహాసముద్రంలోని చిన్న దీవి గురించి రాసింది. ఎక్కడో దూరదేశం ఏలుబడిలో ఉన్న వలస ప్రాంతం. నడుమ ఉప్పునీటి మడుగు, చుట్టూ ఉంగరంలా పగడపు నేల, నేలంతా కొబ్బరిచెట్లు. ఒకప్పుడు కొబ్బరినూనె మీద బతికింది. ఇప్పుడక్కడ సైనిక స్థావరం ఉంది. ఇంతవరకు పేచీ లేదు. ప్రజల గురించిన భాగంలో ఎడిటర్ ఒక వాక్యం పెట్టమన్నాడు: స్థిరనివాసులు లేరు, కాంట్రాక్టు కూలీలు వచ్చి వెళ్లేవారు. ప్రభుత్వ నివేదికలో అలాగే ఉందట.

ఆ రోజు భోజనాల దగ్గర ఆమె దీవి శ్మశానంలోని సమాధిరాళ్ల ఫోటో నా కంచం పక్కన పెట్టింది.

"ఇది చూడండి. ఈవిడ ఇక్కడే పుట్టింది, ఇక్కడే పోయింది. పక్కన మనవరాలు. కాంట్రాక్ట్ మీద మామ్మలొస్తారా?"

"రిపోర్ట్‌లో ఉందిగా. పప్పు చల్లారిపోతోంది."

"రిపోర్ట్ రాసిందెవరు? వాళ్లని షిప్ ఎక్కించి పంపేసినవాళ్లే. మీరు తినండి, నేను మెయిల్ పెట్టొస్తా."

అక్కడ తరతరాలుగా మనుషులు బతికారని, సైనిక స్థావరం కోసం వారిని బలవంతంగా పంపేశారని రాసింది. ఎడిటర్ సరేనన్నాడు. ఆమె అదీ నమ్మలేదు. ఆసుపత్రిలో కూడా "పేజీ ప్రూఫ్ వచ్చిందాండీ?" అని అడుగుతూనే ఉంది.

నిన్న ఎడిటర్ ఫోన్ చేశాడు. సానుభూతి చెప్పాడు. ఆమె పేరు పెద్ద అక్షరాల్లో వేస్తామన్నాడు. వ్యాసాన్ని కాస్త కుదించామన్నాడు. ప్రజల భాగం అలాగే ఉందా అని అడిగాను. ఈ సమయంలో అవన్నీ మనసులో పెట్టుకోవద్దన్నాడు. ఇన్నేళ్లు ఆమె పక్కన ఉన్నవాణ్ణి. ఆ జవాబు నాకు నచ్చలేదు.

రేపు ఉదయం రైలెక్కి అతని ఆఫీసుకి వెళతాను. ఆ పేజీ అడిగి తీసుకుని అక్కడే కూర్చుని చదువుతాను. ఆమె రాసిన మనుషులు అందులో లేకపోతే, ఆమె పేరు కూడా తీసేయమంటాను.